బెల్లందూరు చెరువుకి హెల్త్ ఫుడ్ లైసెన్స్ ఇవ్వాల్సిందే

బెంగళూరు మారతహళ్ళి పీజీల్లో మల్టీవిటమిన్ బిళ్ళలు పాతబడిపోయాయి, ఇప్పుడంతా సెలీనియం స్పిరులినా అంట, జింక్ స్పిరులినా అంట, అంటే ఆ ఖనిజాలు పట్టించి పెంచిన నీటిపాచి పొడి. మా రూమ్‌లో కుర్రాడు పొద్దున్నే ముక్కు మూసుకుని గ్లాసుడు పచ్చనీళ్ళు గుటగుటా తాగేసి, మీసాలకంటిన పాచి కూడా తుడుచుకోకుండా ఆఫీస్ కాల్‌లో కూర్చుంటాడు. "అరవై శాతం ప్రోటీన్ అన్నా" అంటాడు. నిజమే, కాదనను. కాకపోతే వాడు కలుపుకునేది 3 గ్రాముల పొడి, అందులో ప్రోటీన్ 2 గ్రాములు కూడా ఉండదు, కింద టీ కొట్లో ఉడకబెట్టిన గుడ్డులో 6 ఉంటుంది, కానీ గుడ్డుకి ఇన్‌స్టాగ్రామ్ లేదు పాపం.

సైన్సుని తీసిపారేయట్లేదండోయ్. సోడా బాగా కలిపిన నీళ్ళు, పీహెచ్ (నీళ్ళలో క్షారం ఎంతో చెప్పే కొలత) 9 దాటాలి, అందులో మిగతా జీవులు పెద్దగా బతకవు కాబట్టి స్పిరులినాదే రాజ్యం. అలాంటి తొట్టెల్లో సోడియం సెలెనైట్ అనే సెలీనియం ఉప్పు కొలిచి కొలిచి పోస్తే, పాచి దాన్ని పీల్చుకుని సెలెనోమెథియోనిన్ లాంటి సేంద్రియ రూపంలోకి మార్చుకుంటుంది. డోసు మించితే పాచే చస్తుంది. మనిషికైనా అమెరికా వాళ్ళ లెక్కలో రోజుకి 55 మైక్రోగ్రాముల సెలీనియం చాలు, రోజూ మరీ ఎక్కువ పడితే జుట్టూడుతుంది, గోళ్ళు విరుగుతాయి. మావాడు మొదలెట్టిందే జుట్టు కోసం.

ఈ పాచికి పక్షపాతం లేదు, జింకు పోస్తే జింకు, సీసం పోస్తే సీసం, దేన్నీ వద్దనదు. మరలాంటప్పుడు మురికికి పేరుపడ్డ మా బెంగళూరు బెల్లందూరు చెరువుని ఇన్నేళ్ళుగా ఎందుకు తిడుతున్నామో నాకర్థం కాదు. నత్రజనికి ఊరి డ్రైనేజీ ఉంది, ఫాస్ఫరస్‌కి అపార్ట్‌మెంట్ల సర్ఫు నీళ్ళున్నాయి, లోహాల సంగతి ఫ్యాక్టరీలు చూసుకుంటాయి, అన్నీ ఫ్రీ, ఇరవై నాలుగ్గంటలూ సప్లై. 2015లో నురగకే నిప్పంటుకుంది, 2018లో ఆర్మీ జవాన్లొచ్చి మంటలార్పారు, ఇంతకంటే ఎనర్జీ ఉన్న ఫుడ్డు ఏ కంపెనీ ఇస్తుందో చెప్పండి!

కాబట్టి ప్రభుత్వం వెంటనే గట్టు మీద నాలుగు వడపోత గుడ్డలు కట్టించి, ఎండబెట్టి, డబ్బాల్లో పోసి అమ్మాలని నా డిమాండ్. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ ఎంతున్నాయో టెస్ట్ రిపోర్ట్ ఏదీ అని మాత్రం అడక్కండి, మావాడి డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశా, దాని మీదా లేదు. ఆకు బొమ్మ ఉంది.