వరి లేని మడికి వరి డబ్బు

అమెరికాలోని టెక్సాస్‌లో, హ్యూస్టన్‌కు నైరుతి దిక్కున వార్టన్ కౌంటీ ఉంది. మనలాగే వరి పండించే ప్రాంతం. 2006లో వాషింగ్టన్ పోస్ట్ విలేకరులు అక్కడి ఎల్ కాంపో ఊరి చుట్టుపక్కల తిరిగి చూస్తే, ఒకప్పటి వరి పొలాల్లో ఇళ్లు లేచి ఉన్నాయి. చుట్టూ గడ్డి, పెరట్లో గుర్రాలు. వరి కంకి ఒక్కటి లేదు. అలాంటి ఇళ్లవాళ్లకూ ఏటా ప్రభుత్వం నుంచి వరి సబ్సిడీ అందుతూనే ఉంది. 2000 నుంచి అప్పటిదాకా అసలు సేద్యమే చేయనివాళ్లకు దేశమంతటా కనీసం 130 కోట్ల డాలర్లు వెళ్లాయని ఆ పత్రిక లెక్కతేల్చింది.

ఇందులో దొంగ లెక్కలేమీ లేవు. చట్టమే అలా రాశారు. 1996 నుంచి అక్కడి సబ్సిడీ పొలంలో ఉన్న పంటను చూడదు. ఒకప్పుడు ఆ పంట వేసినట్టు పాత రికార్డుల్లో ఉన్న ‘బేస్ ఎకరాల’ను చూస్తుంది. వరికైతే 2002 చట్టం ప్రకారం వంద పౌండ్ల వడ్లకు 2.35 డాలర్లు. నాటినా అంతే, బీడు పెట్టినా అంతే.

అసలు దెబ్బ కౌలుదారుకు తగిలింది. పంటలో వాటాకు కౌలుకిస్తే సబ్సిడీలోనూ అతనికి వాటా ఇవ్వాలి. బీడు పెడితే మొత్తం యజమానిదే. అందుకే చాలామంది యజమానులు కౌలుదారులను ఖాళీ చేయించారు. టెక్సాస్‌లో వరి విస్తీర్ణం పడిపోవడానికి ఇదొక కారణం. చివరికి 2014లో అమెరికా ఆ నేరుగా ఇచ్చే డబ్బును ఆపేసింది. బేస్ ఎకరాలు మాత్రం ఇంకా ఉన్నాయి. ఒకసారి కాగితానికి ముడిపెట్టిన డబ్బును విడదీయడం అంత కష్టం.

అమెరికా వదిలేసిన నాలుగేళ్లకు, 2018 మే 10న, తెలంగాణలో రైతుకు పెట్టుబడి సాయంగా రైతుబంధు మొదలైంది. సీజన్‌కు ఎకరాకు 4,000 రూపాయలు, తర్వాత 5,000. ఎకరాలకు పరిమితి లేదు, కౌలు రైతుకు చోటు లేదు. 2023 ఎన్నికల్లో కౌలు రైతుకూ ఇస్తామని కాంగ్రెస్ మాటిచ్చింది. 2025 జనవరి 26న రైతుబంధు స్థానంలో రైతు భరోసా ఎకరాకు ఏడాదికి 12,000తో వచ్చింది. కొండలు, రోడ్లు, రియల్ ఎస్టేట్ వెంచర్లను తీసేశారు, మంచిదే. కానీ సాగుకు పనికొచ్చే భూమైతే చాలు, సాగు చేస్తున్నదెవరన్న ప్రశ్న లేదు.

మా దగ్గర ఐదెకరాలు కౌలుకు చేసే ఒక రైతు చొక్కా జేబులో ఎప్పుడూ మడతలు పడ్డ జిరాక్స్ కాగితం ఉంటుంది. అది హైదరాబాద్‌లో ఉండే పట్టాదారు పాస్‌బుక్‌ది. వడ్లు అమ్మాలంటే ఆ కాగితమే దిక్కు. డబ్బు పట్టాదారు ఖాతాలో పడ్డాక ఈయన ఫోన్ చేసి అడగాలి. ఎకరాకు వచ్చే సాయం మెసేజ్ కూడా పట్టాదారు ఫోన్‌కే. ఇన్నేళ్లలో ఈయన కట్టే కౌలు మాత్రం రూపాయి తగ్గలేదు. వడగళ్లు పడితే టెన్షన్ ఈయనది, విత్తనాల అప్పు ఈయనది. ఇది నాకు మింగుడుపడదు. రైతు పేరుతో బడ్జెట్‌లో రాసిన డబ్బు మడిలో దిగిన మనిషికి చేరకపోతే దాన్ని పెట్టుబడి సాయం అని ఎలా పిలుస్తాం?

కౌలుదారును గుర్తించడం కుదరదని అధికారులు అంటారు. నేను ఒప్పుకోను. ఉమ్మడి రాష్ట్రంలోనే 2011లో చట్టం వచ్చింది. ఊళ్లో విచారించి, ఏడాదికి రుణ అర్హత కార్డు ఇవ్వాలి. యజమాని హక్కుకు ఢోకా లేదు, అతని సంతకమూ అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆ సంతకం తప్పనిసరి చేసి పదకొండు నెలల కార్డు తెచ్చింది. భూమి పోతుందేమోనన్న భయంతో యజమానులు సంతకానికి వెనకాడుతున్నారు. ఆ దారి పట్టకూడదు.

వానాకాలం, యాసంగి రెండు సీజన్లలోనూ ఏఈవోలు (వ్యవసాయ విస్తరణ అధికారులు) పంటల నమోదు చేస్తారు. సర్వే నంబరు, పంట, ఎకరాలు రాసుకుంటారు. ఆ పట్టికలో సాగుదారు గడిని తప్పనిసరి చేసి, గట్టు మీద నిలబడ్డ మనిషి పేరు అప్పుడే రాసి, 2011 కార్డు చేతికిస్తే వచ్చే సీజన్‌కే సగం పని అయిపోతుంది.