ఆగండి, లేదా పవర్ అప్ చేయండి

స్టీమ్ అనే బ్లాక్‌చెయిన్‌ని, అంటే బ్లాకులు ఒకదానికొకటి గొలుసులా కట్టిన ఉమ్మడి రికార్డుని, 2016 మార్చిలో నెడ్ స్కాట్, డాన్ లారిమర్ మొదలుపెట్టారు. దాని మీద పోస్టు రాస్తే, వచ్చిన ఓట్లను బట్టి ఏడు రోజులకు టోకెన్లు పడతాయి, ఓటేసినవాళ్లకూ అందులో కొంత వాటా వస్తుంది. 2018 సెప్టెంబరు 25న దానికి 20వ హార్డ్‌ఫోర్క్ వచ్చింది. హార్డ్‌ఫోర్క్ అంటే పాత సాఫ్ట్‌వేర్‌తో ఇక పొసగని పెద్ద అప్‌గ్రేడ్. దాంతో చిన్న ఖాతాలవాళ్లకు ఒరిగిందేమిటి, పోయిందేమిటి అన్నదే ఇక్కడి వాదన. అక్క అక్కడ వంటల గురించి, ఊళ్ల గురించి రాసేది. తమ్ముడు సర్వర్ల పని చేసే ఇంజినీరు. దాబా మీద వాటర్ ట్యాంకు పక్కన కుర్చీలు వేసుకుని కూర్చున్నారు, కింద మోటారు నడుస్తోంది. నా మొగ్గు అక్క వైపే. అయినా తమ్ముడి మాటల్లో ఒక్కటి కూడా బలం తగ్గించి రాయలేదు.

తమ్ముడు: అక్కా, ఆ అప్‌గ్రేడ్‌ని తిట్టే ముందు అంతకు ముందు ఏముండేదో గుర్తు తెచ్చుకో. 2017 చివర్లో, 2018 జనవరిలో ధర ఎగబాకి జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారు. అప్పుడు ఏమైంది? బ్యాండ్‌విడ్త్, అంటే ఖాతాకి ఇంత అని ఇచ్చిన వాడకం కోటా, అయిపోయిందంటూ చిన్న ఖాతాలన్నీ ఆగిపోయాయి. ఎప్పుడు ఆగుతాయో, ఎప్పుడు మళ్లీ నడుస్తాయో ఎవరూ ముందుగా చెప్పలేని పరిస్థితి. దాన్ని తీసేసి రిసోర్స్ క్రెడిట్లు, పొట్టిగా ఆర్సీ, పెట్టారు. తప్పా?

అక్క: తీసేయడం తప్పనలేదురా. పెట్టిన తీరు గురించి మాట్లాడుతున్నా. ముందు నీ క్రెడిట్లేంటో చెప్పు, వినేవాళ్లకి అర్థం కావాలి.

తమ్ముడు: ఇదిగో, ఈ ట్యాంకే అనుకో. ప్రతి ఖాతాకీ ఒక ట్యాంకు. నీ దగ్గర ఎంత స్టీమ్ పవర్ ఉంటే, అంటే ఎంత టోకెన్ లాక్ చేసుకుంటే, ట్యాంకు అంత పెద్దది. పోస్టు పెడితే కొంత నీరు ఖర్చు, ఓటు వేస్తే కొంత, డబ్బు పంపితే కొంత. ఖాళీ ట్యాంకు పూర్తిగా నిండటానికి ఐదు రోజులు, అంటే రోజుకి ఇరవై శాతం చొప్పున. పాత పద్ధతిలో ఎన్ని బైట్లు అని మాత్రమే లెక్క. కొత్తదాంట్లో ఆ పని సర్వర్ మెమరీలో ఎంత చోటు తింటుంది, చరిత్రలో ఎంత మిగిలిపోతుంది, ప్రాసెసర్‌కి ఎంత పని పెడుతుంది, అన్నీ లెక్క. పనికి తగ్గ ధర కట్టడం న్యాయం కాదా?

అక్క: న్యాయమే. కానీ నీ ట్యాంకు పదివేల లీటర్లు, నాది బిందె. కొత్తగా చేరినవాళ్లకి అప్పట్లో 15 స్టీమ్ పవర్ అప్పుగా ఇచ్చేవారు. అదీ బిందె సైజు. సెప్టెంబరు 25న మన టైము ప్రకారం రాత్రి ఎనిమిదిన్నర. నేను అన్నం కలుపుకుంటూ ఫోన్‌లో బ్లాకుల నంబరు చూస్తూనే ఉన్నా. మూడు సెకన్లకో బ్లాక్, ఒకటి పోతే ఒకటి. అప్‌గ్రేడ్ అయిపోయింది, గొలుసు నడుస్తోంది, అంతా బాగుందన్నారు. చిన్న ఖాతాలవాళ్లు మాత్రం ఒక కామెంట్ కూడా పెట్టలేకపోయారు. తెరమీద ఏం కనిపించేదో తెలుసా? మీ దగ్గర ఇంత ఆర్సీ ఉంది, ఇంత కావాలి, ఆగండి, లేదా స్టీమ్ పవర్ అప్ చేయండి అని. ఆ రెండు అంకెలూ బారెడు పొడుగు.

తమ్ముడు: అది సిస్టమ్ నిజాయితీగా చెప్పడం. పాతదాంట్లో ఆ మాత్రం లెక్క కూడా చూపించేది కాదు.

అక్క: నిజాయితీయే. కానీ దాని అర్థం చూడు. ఆగు, లేదా డబ్బు పెట్టు. నెల్లాళ్లుగా రోజూ పది కామెంట్లు పెడుతున్న మనిషి, ఏ తప్పూ చేయలేదు, రాత్రికి రాత్రి నోరు మూతపడింది. కొత్తగా రాసేవాళ్లకి కామెంటే కదరా ప్రాణం. పోస్టుని ఎవరూ చూడరు, పది మంది పోస్టుల కింద నాలుగు మంచి మాటలు రాస్తేనే ఎవరో ఒకరు తిరిగి చూస్తారు. పరిచయమయ్యేదే అక్కడ. దాన్నే ఆపేశారు.

తమ్ముడు: కొన్ని రోజులే కదా! డెవలపర్లు వరసగా సవరణలు విడుదల చేశారు, బ్లాకులు తయారుచేసే విట్నెస్‌లు వాటిని తమ సర్వర్లలో ఎక్కించారు, ఖర్చులు తగ్గాయి, తర్వాత అంతా సర్దుకుంది.

అక్క: కొన్ని రోజులే. పాతవాళ్లకి అది కొన్ని రోజులు. నిన్ననే చేరినవాడికి అదే మొదటి అనుభవం. పెళ్లిచూపుల రోజే తలుపు తాళం వేసి, మర్నాడు తీస్తే వాళ్లు మళ్లీ వస్తారా? పైగా అది మొదటి హెచ్చరిక కూడా కాదు. అంతకు వారం ముందు, సెప్టెంబరు 17న, కొత్త కోడ్‌లోని లోపం వల్ల గొలుసే ఆగిపోయింది. కొన్ని గంటలు కొత్త బ్లాక్ లేదు. అలాంటప్పుడు వారంలోనే అప్‌గ్రేడ్‌కి వెళ్లాలా?

(తమ్ముడు వెంటనే జవాబు చెప్పలేదు. కింద మోటారు చప్పుడు వింటూ కొంచెంసేపు ఊరుకున్నాడు.)

తమ్ముడు: వాయిదా వేయొచ్చు, నిజమే. అయితే ఆ 17నాడు దొరికిన లోపం సరిదిద్దారు, అదీ చెప్పు. ఇంకో సంగతి. పంపే ప్రతి లావాదేవీకీ ఫీజు తీసుకునే గొలుసుల్ని గుర్తు చేసుకో. 2017 డిసెంబరులో క్రిప్టోకిట్టీస్ ఆట వల్ల ఇథీరియం ఇరుక్కుపోయింది. అదే నెల బిట్‌కాయిన్‌లో చిన్న మొత్తం పంపాలన్నా ఫీజు బరువైపోయింది. స్టీమ్‌లో పైసా ఫీజు లేదు. ఫీజు లేనప్పుడు ఇంకో రూపంలో హద్దు ఉండాలి, లేకపోతే రాత్రికి రాత్రి బాట్లు, అంటే మనిషి లేకుండా నడిచే ప్రోగ్రాములు, లక్ష కామెంట్లు కుమ్మరిస్తాయి. నువ్వు రాసే పోస్టు కింద చెత్త పేరుకుపోతే నీకే బాధ.

అక్క: ఆ మాట ఒప్పుకుంటా. చెత్త కామెంట్లు తగ్గాయి కూడా. ఇంకో మేలు నేనే చెప్తా విను, నీకు గుర్తు రాదు. అంతకు ముందు చిన్న ఖాతా ఓటు వేస్తే బరువు చాలదని ఒక్కోసారి ఓటే తీసుకునేది కాదు. ఈ అప్‌గ్రేడ్ ఆ అడ్డు తీసేసింది. డబ్బు రాకపోయినా, నచ్చిందని చెప్పుకునే వీలు వచ్చింది. నాకు ఆనందమేసింది.

తమ్ముడు: చూశావా! ఇంకోటి. మొదటి పదిహేను నిమిషాల్లోపు ఓటేస్తే, ఓటరుకు రావాల్సిన దాంట్లో కోత పడి ఆ భాగం అందరి నిధికి తిరిగి వెళ్లేలా చేశారు. అంతకు ముందు అరగంట హద్దు ఉండేది, ఆ కోసిన భాగం రాసినవాడికే పోయేది. అందుకే పెద్ద ఖాతాలు పోస్టు పెట్టగానే తమకు తామే ఓటేసుకునేవి. ఆ లాభం పోయింది. అది నీలాంటి వాళ్లకి మేలు కాదా?

అక్క: మేలే. కాదనను. కానీ ఇవన్నీ కలిపి ఒకే మూటలో ఎందుకు వేశారు? ఓటు నియమం మార్పు ఒకటి, కొత్త ఖాతాలు తెరిచే పద్ధతి ఒకటి, ఖర్చుల లెక్క మొత్తం తిరగరాయడం ఇంకొకటి. మూడూ ఒకే రాత్రి. ఏది వల్ల ఏం పాడైందో రాసేవాడికి ఏం తెలుస్తుంది?

తమ్ముడు: హార్డ్‌ఫోర్క్ అంటే అంతే అక్కా. ఇరవై ఒక్క మంది విట్నెస్‌లలో పదిహేడు మంది ఒప్పుకోవాలి, టోకెన్లు కొని అమ్మే ఎక్స్చేంజీలు, యాప్‌లు అన్నీ ఒకేసారి కొత్త వెర్షన్‌కి మారాలి. నెలకోసారి పెడితే ఎవరూ తట్టుకోలేరు. అందుకే మూట కడతారు.

అక్క: సరే, మూటే. మరి 2019 ఆగస్టు 27న వచ్చిన 21వది? దాని దగ్గర నీకు మాట రాదు, లెక్క నేను వేసి పెట్టుకున్నా.

(చీర కొంగుకి ముడి వేసుకున్న కాగితం తీసినట్టు, డైరీలోంచి ఒక మడత విప్పింది. పెన్సిల్‌తో వేసిన లెక్క, రెండు చోట్ల చెరిపి దిద్దింది.)

అక్క: కొత్తగా పుట్టే ప్రతి వంద టోకెన్లలో అంతకు ముందు 75 బహుమతుల నిధికి వెళ్లేవి. అందులో ముప్పావు వంతు రాసినవాళ్లకి. అంటే 56కి పైన. 21వ అప్‌గ్రేడ్‌లో ఆ 75లోంచి పది తీసి, గొలుసు పనులకి డబ్బిచ్చే ప్రతిపాదనల నిధికి ఇచ్చారు, మిగిలింది 65. రాసినవాళ్లకి సగం, ఓటేసేవాళ్లకి సగం అన్నారు. సగమంటే ముప్పై రెండున్నర. నిన్న 56, ఈ రోజు 32న్నర. రాసే చేతి నుంచి తీసుకుని ఎవరికి ఇచ్చారు? ఎక్కువ టోకెన్లున్నవాళ్లకి, ఎందుకంటే ఓటు బరువంతా వాళ్లదే.

తమ్ముడు: ఆ 56 నీ చేతికి వచ్చేదా అసలు? నిజం చెప్పు. అప్పట్లో ఓట్లు అమ్మే బాట్లు ఉండేవి. డబ్బు కడితే పోస్టు పైకి ఎక్కుతుంది. నీ పులిహోర పోస్టు మంచిదే, కానీ కొన్న ఓట్ల ముందు అది కనిపించేదా? టోకెన్లున్నవాళ్లకి మంచి పోస్టు వెతికి ఓటేయడం కంటే, ఓటు అద్దెకిస్తేనే ఎక్కువ వచ్చేది. అందుకే ఓటేసేవాళ్ల వాటా పెంచారు. దాంతో పాటు నిన్ను నువ్వు నష్టపెట్టుకోకుండా డౌన్‌ఓటు, అంటే వ్యతిరేక ఓటు, వేసే వీలు విడిగా ఇచ్చారు. ఆ తర్వాత బాట్లలో చాలావరకు మూతపడ్డాయి, కొన్ని దారి మార్చుకున్నాయి. అది నీ కళ్లతో చూశావు.

అక్క: చూశా. బాట్లు పోయినందుకు నాకన్నా సంతోషించినవాళ్లు లేరు. కానీ అదే మూటలో ఓట్లని బట్టి బహుమతి లెక్కించే వంపు కూడా మార్చారుగా. తక్కువ ఓట్లు పడ్డ పోస్టుకి ఇంకా తక్కువ, ఎక్కువ పడ్డదానికి దాని సరైన వాటా. బాట్లని కొట్టాలని వేసిన దెబ్బ, చిన్న పోస్టు వీపు మీద పడింది. పాముని కొట్టడానికి గుడిసె తగలబెడతామా?

తమ్ముడు: ఆ వంపు లేకపోతే ఒక్కడే వంద కామెంట్లు పెట్టి, ఒక్కోదానికి రెండు పైసలు తనకి తానే ఓటేసుకుంటాడు. ఎవరూ చూడని మూలలో దొంగతనం జరగకుండా చేశారు.

అక్క: ఆ మూలలో దొంగలు మాత్రమే ఉన్నారా? మేమూ ఉన్నాం.

(ఇక్కడ నాకే ఒక మాట అనాలనిపించింది. ఈ రెండూ నిజమే. ఒకే నియమం మోసగాడినీ, మొహమాటస్తుడైన కొత్త రచయితనీ ఒకే కొలతతో కొలుస్తుంది. గొలుసుకి వాళ్లిద్దరి మధ్య తేడా తెలియదు. దాన్ని తెలుసుకోవాల్సింది నియమం రాసేవాళ్లు.)

తమ్ముడు: నీకు కోపమంతా నియమాల మీద కాదక్కా, నిన్ను అడగలేదని.

అక్క: అవును! అదే. విట్నెస్‌లని ఎన్నుకునేది టోకెన్లతో. నాకూ ముప్పై ఓట్లున్నాయి, తిమింగలానికీ, అంటే కుప్పలుగా టోకెన్లున్నవాడికీ, ముప్పై ఓట్లే. కానీ నా ఓటు గడ్డిపోచ, దానిది దూలం. 2020లో ఏమైందో చూశాం. ఫిబ్రవరిలో ట్రాన్ అనే ఇంకో గొలుసు పెట్టిన జస్టిన్ సన్ కంపెనీ, స్టీమ్ వెనకున్న స్టీమిట్ కంపెనీని కొన్నది. పాత విట్నెస్‌లు స్టీమిట్ టోకెన్ల వాటాని కదలకుండా కట్టేస్తూ ఒక అప్‌గ్రేడ్ పెట్టారు. మార్చి 2న బైనాన్స్, హువోబీ, పోలోనియెక్స్ ఎక్స్చేంజీలు జనం దాచుకున్న టోకెన్లతో ఓటేసి విట్నెస్‌లనే మార్చేశాయి. బైనాన్స్ అప్పటి అధిపతి చాంగ్‌పెంగ్ జావో తర్వాత చెప్పిందేమిటి? దాన్ని మామూలు అప్‌గ్రేడ్ అనుకుని సరేనన్నారట. మామూలు అప్‌గ్రేడ్! ఆ మాట విన్నప్పటి నుంచి ఎవరైనా అప్‌గ్రేడ్ అంటే నాకు టెన్షన్. అదే ఏడు మే 20న ఇంకో హార్డ్‌ఫోర్క్‌తో 64 ఖాతాల్లోంచి 2 కోట్ల 36 లక్షల టోకెన్లు లాగేశారు. పాస్‌వర్డ్ దొంగిలించలేదు, తాళం పగలగొట్టలేదు. వెర్షన్ నంబరు పెంచారు, అంతే.

తమ్ముడు: అది నేను సమర్థించను. ఎవడూ సమర్థించలేడు. కానీ అదే కత్తికి రెండో వైపు చూడు. మార్చి 20న స్టీమ్ నుంచి విడిపోయి హైవ్ అనే కొత్త గొలుసు పుట్టింది. అది కూడా హార్డ్‌ఫోర్కే. నీ పేరు, నీ పాత పోస్టులు, నీ నిల్వ అన్నీ అక్కడ కూడా వచ్చాయి. అవే కీలతో లాగిన్ అయ్యావు. ఒక కంపెనీ అమ్ముడుపోతే ఇంకెక్కడైనా నీ రాతలన్నీ ఎత్తుకుని బయటికి రాగలిగేదానివా? ఊరికి ఊరే లేచి పక్క ఊరు కట్టుకున్నట్టు. అప్‌గ్రేడ్ చేసే వీలుండబట్టే అది కుదిరింది.

అక్క: ఆ రోజు నా పాత పోస్టులు అక్కడ కూడా కనిపించినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అది నీకు చెప్పలేదు. ఇడ్లీ పిండి పొంగడం గురించి 2017లో రాసింది, కింద ఎవరో స్పెయిన్ నుంచి అడిగిన ప్రశ్నతో సహా అలాగే ఉంది.

తమ్ముడు: మరి!

అక్క: మరేం లేదు. అక్కడ కూడా కొన్ని ఖాతాలకి నిల్వ ఇవ్వకుండా పక్కన పెట్టారు, అవతలి పక్షానికి ఓటేశారని. అది కూడా ఎవరో కూర్చుని రాసిన జాబితాయే. నేను అడిగేది చిన్నది. కొత్త వెర్షన్‌ని ముందు టెస్ట్‌నెట్‌లో, అంటే పరీక్ష కోసం నడిపే నకలు గొలుసులో, పెడతారుగా. అక్కడ 15 పవర్ ఉన్న ఖాతా ఒకటి తీసుకుని, వారం రోజులు మామూలు మనిషిలా వాడి చూడండి. పొద్దున ఒక పోస్టు, అందులో రెండు తప్పులు దిద్దడం, సాయంత్రం పది కామెంట్లు. ఆగిపోతే విడుదల ఆపండి. ఇంతే.

తమ్ముడు: అది చేసి ఉంటే సెప్టెంబరు 25 రాత్రి అలా ఉండేది కాదు. ఒప్పుకుంటున్నా. మేం లోడ్ చూస్తాం, సెకనుకి ఎన్ని లావాదేవీలని చూస్తాం. తప్పు దిద్దుకోవడానికి కూడా ఖర్చవుతుందని, దిద్దితే కామెంట్‌కి మిగలదని మాకు తట్టదు.

అక్క: తట్టాలంటే రాయాలి.

తమ్ముడు: రాస్తా. కానీ నీ 32న్నర లెక్క మాత్రం ఒప్పుకోను. బాట్లు పోవడం విలువ అందులో కలపలేదు నువ్వు.

అక్క: కలిపి చూపించు. పెన్సిల్ ఇదిగో.

(ట్యాంకు నిండి నీళ్లు గోడ మీదుగా కారుతున్నాయి. తమ్ముడు మోటారు కట్టేయడానికి కిందికి పరిగెత్తాడు. అక్క కాగితం తిప్పి వెనక వైపు కొత్త గీత గీసి ఉంచింది.)