ఓపెనింగ్‌లో ఆలోచించేవాళ్లను ఏం చేయాలి?

చదరంగంలో క్రమశిక్షణ పూర్తిగా దెబ్బతింది. బోర్డు ముందు కూర్చున్నాక కొందరు ఆలోచిస్తున్నారు. అదీ ఓపెనింగ్‌లో, అంటే ఆట ఆరంభంలో, పదో ఎత్తులోపే! ముట్టుకున్న పావునే ఆడాలని రూలు పెట్టిన పెద్దలు, బట్టీ పట్టిన ఎత్తే ఆడాలని ఎందుకు పెట్టలేదో.

ఆరు నెలలు కష్టపడి స్పానిష్ ఓపెనింగ్ అనే పేరున్న ఆరంభ ఎత్తుల వరస, అందులో నల్లవైపు ఆడే బెర్లిన్ డిఫెన్స్, రెండు వైపుల నుంచీ నేర్చుకున్నాను. నేర్చుకోవడమంటే అర్థం చేసుకోవడం అనుకునేరు, అంత తీరిక నాకు లేదు. ఎనిమిదో ఎత్తుకల్లా మంత్రులు రెండూ బోర్డు దిగిపోతాయి, నల్ల రాజుకు క్యాస్లింగ్ హక్కు, అంటే ఒకే ఎత్తులో ఏనుగు చాటుకు చేరే వీలు, పోతుంది, అయినా నల్లవైపు గట్టిగానే ఉంటుందట. ఎందుకని అడగకూడదు. 2000లో లండన్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో క్రామ్నిక్ దీన్ని గోడలా నిలబెడితే, అప్పటి చాంపియన్ కాస్పరోవ్ మ్యాచ్ మొత్తంలో ఒక్క గేమ్ కూడా గెలవలేక కిరీటం పోగొట్టుకున్నాడు. ఆయనకే కొరుకుడు పడనిది నాకెందుకు?

మొన్న టోర్నమెంట్‌లో పదేళ్ల పిల్లాడు తగిలాడు. నేను రాజు ముందున్న బంటును రెండు గళ్లు నడిపాను. వాడు మంత్రి వైపు ఏనుగు ముందున్న బంటును ఒక్క గడి జరిపి, చాక్లెట్ విప్పుకున్నాడు. ఆర్బిటర్‌ను, అంటే పోటీ రిఫరీని, పిలిచాను. ఎత్తు చెల్లుతుందన్నాడు. జవాబు వెతకడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. అంటే ఆలోచించే నేరం నాచేత కూడా చేయించాడన్నమాట! 27వ ఎత్తులో నాకు ఆట కట్టు.

పిల్లాణ్ని అని లాభం లేదు. 1980లో స్వీడన్‌లోని స్కారాలో, అప్పటి ప్రపంచ చాంపియన్ కార్పోవ్ మీద ఇంగ్లండ్ ఆటగాడు టోనీ మైల్స్ సరిగ్గా ఇదే మొదటి ఎత్తు ఆడి గెలిచి కూర్చున్నాడు. అప్పుడే కేసు పెట్టి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. అంతకుముందు 1918లో అమెరికా ఆటగాడు మార్షల్ పాపం ఇంటి దగ్గర సిద్ధం చేసుకొచ్చిన దాడికి, క్యూబా ఆటగాడు కాపాబ్లాంకా బోర్డు దగ్గరే ఆలోచించి జవాబులు కనిపెట్టి గెలిచాడు. ఇక మాజీ ప్రపంచ చాంపియన్ ఫిషర్ సంగతి సరేసరి. వెనక వరస పావుల్నే కలిపేసి 960 ఆరంభాలు పెట్టాడు. బట్టీ వర్గం మీద అంత కక్ష ఎందుకో.

నా డిమాండ్లు పెద్దవేం కావు. మొదటి పదిహేను ఎత్తుల్లో నుదురు చిట్లించినవాడి గడియారంలో అయిదు నిమిషాలు కోయాలి. పుస్తకంలో లేని ఎత్తు ఆడదలచుకున్నవారు ముందు రోజే ప్రత్యర్థికి రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఈలోగా నేనూ ఊరుకోలేదు. ఆ బంటు ఎత్తుకు ఇంజిన్ (చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం) చెప్పిన జవాబులు 18 ఎత్తుల దాకా రాత్రంతా బట్టీ పట్టాను. పొద్దున చూస్తే ప్రత్యర్థి ఆ పిల్లాడి తమ్ముడు. నాకు తెల్లపావులే వచ్చాయి. ధీమాగా రాజు ముందు బంటును నడిపాను.

తమ్ముడు రెండో చివరనున్న ఏనుగు ముందు బంటును జరిపాడు.