సగం సర్వీసు రికార్డున్న సెకండ్ హ్యాండ్ కారు: బేరానికి ముందు ఖాళీని కొలవండి

అనంతపురంలో అమ్మకానికి వచ్చే ఆరేడేళ్ల కార్లలో షోరూమ్ సర్వీసు రికార్డు మూడో ఏడాది దగ్గర ఆగిపోవడం మామూలే. వారంటీ ఉన్నన్నాళ్లు ఓనరు షోరూమ్‌కే వెళ్తాడు. అది అయిపోగానే లేబర్ చార్జీలు భారమనిపించి తెలిసిన మెకానిక్ షెడ్డుకు మారతాడు. అక్కడ పని బాగానే జరగొచ్చు, కానీ బిల్లు చేతికి రాదు. దీనివల్ల కొనేవాళ్లకు రెండు రకాల నష్టం. రికార్డు లేదని కొందరు మంచి బండిని వదులుకుంటారు. "మన మెకానిక్కే చూసుకున్నాడన్నా, రూపాయి పని లేదు" అన్న మాట నమ్మి కొందరు నిండు ధర కడతారు.

ముందుగా తేల్చుకోవాల్సినవి మూడు: రికార్డులో ఖాళీ ఎప్పుడు మొదలైంది, ఎన్ని కిలోమీటర్లు సాగింది, ఆ మధ్యలో కంపెనీ మాన్యువల్ ప్రకారం ఏయే పనులు జరగాలి. రుజువు లేని ప్రతి పనినీ జరగని పనిగానే లెక్కించి, దాని ఖర్చును ధరలోంచి తీసేయాలి. నాలుగేళ్లుగా షెడ్డులో నిజాయితీగా పని చేయించుకున్న ఓనరుకు ఈ లెక్క కఠినంగా అనిపించవచ్చు. కానీ టైమింగ్ బెల్టు (ఇంజిన్‌లో వాల్వులు సరైన సమయంలో తెరుచుకునేలా తిప్పే బెల్టు) తెగితే ఆ ఖర్చు మోసేది కొన్నవాడే.

వారంటీ తర్వాత ఆగిపోయిన రికార్డు అంత భయపడాల్సింది కాదు. మొదటి మూడేళ్లలోనే ఖాళీ ఉంటే అనుమానించాలి. లేబర్ చార్జీ లేని ఉచిత సర్వీసులనే వదిలేసిన ఓనరు, డబ్బు పెట్టి చేయించుకోవాల్సినవి చేయించి ఉంటాడని అనుకోలేం. అన్నిటికన్నా ప్రమాదకరమైనది మధ్యలో వచ్చే ఖాళీ. 40 వేల కిలోమీటర్ల దాకా క్రమంగా సర్వీసులు, తర్వాత రెండేళ్లు ఏమీ లేవు, మళ్లీ 60 వేల దగ్గర మొదలు. ఆ రెండేళ్లలో బండి ప్రమాదానికి గురై ఉండొచ్చు, అద్దెకు తిరిగి ఉండొచ్చు, చేతులు మారి ఉండొచ్చు. ఓనర్‌షిప్ ఎన్నోదో, ఒకప్పుడు ట్యాక్సీగా ఉండి సొంత బండిగా మార్చారో ఆర్‌సీలోనూ పరివాహన్ పోర్టల్‌లోనూ చూడాలి.

బిల్లులు లేకపోయినా బండి చరిత్ర కొంత తిరిగి కూర్చుకోవచ్చు. ఓనరును వెంటబెట్టుకుని అదే కంపెనీ షోరూమ్‌కు వెళ్తే, ఛాసిస్ నంబరు మీద అధికారిక వర్క్‌షాపుల్లో జరిగిన పనులు సిస్టమ్‌లో దొరుకుతాయి. బెంగళూరు నుంచి అనంతపురానికి, హైదరాబాద్ నుంచి కర్నూలుకు వచ్చే బండ్లకు ఇది తప్పనిసరి. అలాంటి సిటీ బండికి మీటరు మీద కిలోమీటర్లు తక్కువున్నా ట్రాఫిక్‌లో ఇంజిన్ నడిచిన గంటలు ఎక్కువ. క్లచ్ అరుగుదలను గంటల లెక్కలోనే చూడాలి.

చాలామంది అడగడం మరిచిపోయేది ఫాస్టాగ్ స్టేట్‌మెంట్. 2021 ఫిబ్రవరి నుంచి టోల్ గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. ఓనరు తన బ్యాంకు యాప్‌లోంచి స్టేట్‌మెంట్ తీసి చూపించవచ్చు. "ఊళ్లోనే తిరిగిందన్నా" అన్న బండి ప్రతి వారం బెంగళూరు-హైదరాబాద్ హైవే మీది మరూరు, కాసేపల్లి టోల్‌గేట్లు దాటినట్టు కనబడితే ఆ మాట అబద్ధమని తేలిపోతుంది. ఈ-చలాన్ల తేదీలు, ఊర్లు కూడా ఇలాగే ఉపయోగపడతాయి.

పాత ఇన్సూరెన్స్ పాలసీల్లో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) శాతం చూడండి. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20, తర్వాత వరుసగా 25, 35, 45, ఐదేళ్లకు 50 శాతం. ఒకే ఓనరు చేతిలో ఐదేళ్లున్న బండికి బోనస్ సున్నా ఉంటే, ముందటి ఏడాది క్లెయిమ్ జరిగి ఉండొచ్చు, పాలసీ 90 రోజులకు మించి ఆగిపోయి ఉండొచ్చు. ఏది జరిగిందో కాగితంతో చూపించమనాలి. ఓనరు మారితే బోనస్ బండితో రాదు కాబట్టి రెండో ఓనరు పాలసీలో సున్నా కనబడినంత మాత్రాన తప్పు పట్టకూడదు.

మీటర్ వెనక్కి తిప్పారేమో తేల్చడానికి నెలసరి సగటు వేయాలి. 2018 జూన్‌లో కొన్న కారు, 2021 జూన్‌లో చివరి షోరూమ్ సర్వీసుకు 54,000 కిలోమీటర్లు అనుకుందాం. నెలకు 1,500. అదే కారు 2025 జూన్‌లో 78,000 చూపిస్తోంది. అంటే 48 నెలల్లో 24,000, నెలకు 500. ఓనరు ఉద్యోగం మారిందేమో, ఇంట్లో ఇంకో కారు వచ్చిందేమో అడగాలి. తర్వాత టైర్ల దగ్గరకు రావాలి. టైరు పక్కన ఉండే డాట్ (DOT) అనే తయారీ కోడ్‌లో చివరి నాలుగంకెలు 1024 అని ఉంటే అది 2024లో పదో వారం తయారీ. మామూలుగా ఒక సెట్టు 40 నుంచి 50 వేల కిలోమీటర్లు వస్తుంది. ఆ 2024 టైర్లు సగానికి పైగా అరిగి ఉంటే, ఏడాదింబావులోనే 20 వేలకు పైగా తిరిగిందన్నమాట. నెలకు 500 అన్న లెక్క అక్కడే తప్పుతుంది. నాలుగు టైర్లవీ నాలుగు తేదీలైతే అమ్మకం కోసం పాతవి వెతికి వేసి ఉండొచ్చు, అప్పుడు ఈ లెక్క పనికిరాదు. మెకానిక్ దగ్గర బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ ఉంటే, లోపాల కోడ్లు చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చూడమనండి. అది ఇరవై ముప్పైలోపే ఉంటే ఏదో వార్నింగ్ లైటును నిన్నమొన్న ఆర్పారనే అనుకోవాలి.

ఇక ఖాళీలో జరగాల్సిన పనులు. డీజిల్ బండ్లలో మొదట తెలుసుకోవాల్సింది ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు ఉందా, దాని బదులు ఇనుప చైను ఉందా అన్నది. డస్టర్ 1.5 డీజిల్, పాత 2.5 ఇన్నోవాలకు బెల్టు. స్విఫ్ట్ 1.3 డీజిల్‌కు చైను. రబ్బరు బెల్టుకు కిలోమీటర్ల గడువుతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది. అది నడుస్తూ తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. మార్చినట్టు బిల్లు లేకపోతే బెల్టు, టెన్షనర్, రోలర్లు, వాటర్ పంపు కలిపి ఒకేసారి వేయించే ఖర్చును లెక్కలో పెట్టండి. చైను ఉన్న బండి పూర్తిగా నిశ్చింత అనుకోవద్దు. ఆయిల్ మార్పులు ఆలస్యమైతే చైను సాగుతుంది, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే కొన్ని క్షణాలు గరగర వినిపిస్తుంది.

మన ప్రాంతంలో అన్నిటికన్నా పెద్ద పరీక్ష కూలెంట్‌దే. ఎండల్లో కూలెంట్ తగ్గితే బాటిల్‌తో బోరు నీళ్లు పోయడం ఇక్కడ అలవాటు. అనంతపురం బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. వేడికి అవి రేడియేటర్ సన్నటి గొట్టాల్లో గట్టి పొరగా పేరుకుంటాయి. కూలెంట్‌లో తుప్పును అడ్డుకునే రసాయనం పలచబడి, లోపలి లోహాన్ని తుప్పు తినేస్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీసి చూడండి. ఆకుపచ్చగానో ఎర్రగానో తేటగా ఉండాల్సిన ద్రవం ఇటుకపొడి రంగులో ఉన్నా, మూత అంచున తెల్లటి పొర పేరుకున్నా కూలెంట్ స్థానంలో నీళ్లతోనే నడిపారని అర్థం. తర్వాత బండిని కాసేపు తిప్పి, హీటర్ పూర్తిగా పెట్టి చూడాలి. అనంతపురంలో హీటర్ ఎవరూ వాడరు కాబట్టి అమ్మేవాడు దాన్ని సరిచేసి ఉండడు. గాలి వేడిగా రాకపోతే హీటర్ కోర్ (గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) పూడుకుపోయి ఉండొచ్చు, కూలెంట్ తక్కువై ఉండొచ్చు. చివరగా ఏసీ వేసి ఇరవై నిమిషాలు నిలబెట్టండి. ఉష్ణోగ్రత ముల్లు సగం దాటి పైకి పాకితే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పరీక్ష చేయించకుండా బేరం మాట్లాడవద్దు.

తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీల చుట్టూ తిరిగిన బండికి దుమ్ము పరీక్ష కావాలి. అమ్మే ముందు కొత్త ఎయిర్ ఫిల్టర్ వేయడం తేలిక, అందుకే ఫిల్టర్‌ను చూసి సంతృప్తి పడొద్దు. ఫిల్టర్ దాటాక ఇంజిన్ వైపు వెళ్లే పైపు ఊడదీయించి లోపల వేలితో తుడవండి. అక్కడ మట్టి పొర తగిలితే టర్బో, పిస్టన్ రింగులు దుమ్ము తిన్నాయి. అప్పుడు ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూస్తే పొగ గట్టిగా తన్నుతుంది. ఆ బండికి ఏ తగ్గింపు ఇచ్చినా సరిపోదు.

బ్రేక్ ఫ్లూయిడ్ మార్చడం షెడ్డుల్లో చాలాసార్లు మరిచిపోయే పని. రెండేళ్లకోసారి మార్చడం మంచిది, ఎందుకంటే అది గాల్లోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 ఫ్లూయిడ్ ప్రమాణం ప్రకారం కొత్తదానికి మరిగే స్థాయి కనీసం 230 డిగ్రీలు, తేమ పట్టాక 155. రాయచోటి నుంచి కడపకు గువ్వలచెరువు ఘాట్ దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే, పాత ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు ఏర్పడతాయి, పెడల్ నేలకు దిగిపోతుంది. బండి కొన్న వారంలోనే ఈ పని చేయించుకోవాలి.

బండి చూడటానికి వెళ్తున్నామని చెప్పేటప్పుడే ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని అడగండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే చైను శబ్దం, స్టార్టింగ్ పొగ, ఇంజెక్టర్ల బలహీనత అన్నీ దాగిపోతాయి. అప్పుడు తిరిగొచ్చి మర్నాడు పొద్దున మళ్లీ వెళ్లడమే మేలు.

కాగితాల సంగతి. కర్ణాటక, తెలంగాణ బండైతే ఫారం 28 ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ ముందే కనుక్కుని ధరలో కలుపుకోవాలి. లోను తీరినా ఆర్‌సీలో హైపోతికేషన్ (బ్యాంకు తాకట్టు నమోదు) ఉంటే దాన్ని తీసేయించే ఫారం 35, బ్యాంకు లెటరు చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వాలి. బదిలీకి ఫారం 29, 30 మీద సంతకాలు ఆరోజే తీసుకోవాలి. ఇన్సూరెన్స్‌ను మీ పేరుకు మార్చమని బదిలీ జరిగిన 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. అది మారేలోపు బండికి దెబ్బ తగిలితే సొంత నష్టం క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.