వాతావరణం గురించి కాదు, "ఆపండి" అనడం నేర్పండి

ఇప్పుడే షిఫ్ట్ అయిపోయి ఇంటికొచ్చాను. అన్నం కూడా తినకుండా ఇది రాస్తున్నాను, రాయకపోతే నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు.

కెనడాలోని బ్రాంప్టన్‌లో నేను పనిచేసే బ్రెడ్ ఫ్యాక్టరీలో ఇవాళ మొదటి ఇంగ్లీషు క్లాసు. ఎప్పుడు పెట్టారనుకున్నారు? లంచ్ బ్రేక్‌లో. ఉన్నదే అరగంట, దానికి జీతం ఉండదు. యజమాని తప్పనిసరి చేసిన శిక్షణ అయితే అది పనిగంటల్లోకే వస్తుంది, జీతం ఇవ్వాలి, మా రాష్ట్రం ఆంటారియోలో నిబంధన అదే. అందుకే నోటీసులో "ఇష్టమున్నవాళ్ళు రావచ్చు" అని పెట్టారు, సూపర్‌వైజర్ మాత్రం కాగితం పట్టుకుని ఎవరు వచ్చారో ఎవరు రాలేదో పేర్లు రాసుకుంటూ తిరిగాడు. ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్ళు ఎవరైనా రానని అంటారా? రేపు షిఫ్ట్ ఇవ్వకపోతే అద్దె ఎవరు కడతారు?

ఆ అరగంటా నేర్పింది ఏంటంటే, వారాంతం ఎలా గడిచిందని అడగడం, చలి గురించి మాట్లాడటం, హాకీ గురించి రెండు ముక్కలు. నేర్పిన ఆవిడ మంచి మనిషి, ఆవిడ మీద నాకేం కోపం లేదు, ఆవిడకి ఇచ్చిన పుస్తకమే అది. కానీ ఈ క్లాసు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఆ గదిలో ఉన్న మా అందరికీ తెలుసు. అక్క వల్ల.

అక్క అంటే మా లైను మీద పనిచేసే ఖమ్మం ఆవిడ, 52 ఏళ్ళు, కూతురు స్పాన్సర్ చేస్తే వచ్చింది. పోయిన వారం బెల్టు మీద పిండి అంటుకుపోతే, తిరుగుతుండగానే గీకెయ్యమన్నాడు సూపర్‌వైజర్. చెయ్యి లోపలికి పోకుండా మిషన్‌కి అడ్డంగా ఉండే గార్డు ఊడిపోయి ఉంది. మిషన్ ఆపి, మళ్ళీ ఎవరూ ఆన్ చెయ్యకుండా తాళం వేసి, అప్పుడు శుభ్రం చెయ్యాలి, ఆ సంగతి అక్కకి తెలుసు. అయినా "యస్ యస్" అంది. కోటు చెయ్యి రోలరులోకి లాక్కుపోయింది. పక్కనున్న పంజాబీ అబ్బాయి ఎర్ర బటన్ కొట్టాడు కాబట్టి కోటు చిరగడంతో పోయింది. లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

దాని మీద ఆఫీసువాళ్ళు తేల్చింది ఏంటంటే, ఆవిడకి ఇంగ్లీషు రాకపోవడం వల్ల సమస్య వచ్చింది అని. ఊడిపోయిన గార్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. తిరుగుతున్న బెల్టు గీకమన్న మనిషి సంగతీ ఎత్తలేదు. ఆ మనిషి చెప్పింది ఇంగ్లీషులోనే, అక్కకి అర్థమైంది కాబట్టే చేసింది!

ఆంటారియోలో 2014 జూలై నుంచి ప్రతి వర్కరుకీ భద్రత మీద ప్రాథమిక శిక్షణ తప్పనిసరి. మాకూ ఇచ్చారు. ఒక వీడియో, దాని చివర కొన్ని ప్రశ్నలు. అక్క బదులు పక్కమ్మాయి క్లిక్ చేసింది, సర్టిఫికెట్ వచ్చేసింది, ఫైల్లో పెట్టేశారు. ప్రాణానికి ప్రమాదం అనిపించిన పనిని చెయ్యనని చెప్పే హక్కు చట్టంలో ఉంది, అలా చెప్పినందుకు పనిలోంచి తియ్యకూడదు అని కూడా ఉంది. ఆ ఒక్క మాట నోటితో అనడం ఏ క్లాసులోనూ నేర్పలేదు అక్కకి. "ఆపమని ఎట్ల చెప్పాల్నో తెల్వలేదు చెల్లె, అంటే ఏమనుకుంటరో" అంది నాతో బస్ స్టాప్‌లో. నాకు ఏడుపొచ్చింది.

మీరు అనచ్చు, గవర్నమెంటు ఫ్రీ క్లాసులు ఉన్నాయి కదా అని. ఉన్నాయి. లింక్ (LINC) అని, వలస వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు నేర్పే కెనడా గవర్నమెంటు క్లాసులు, 1992 నుంచి నడుస్తున్నాయి. అక్క వెళ్ళింది కూడా. నాలుగో లెవెల్ దాకా వచ్చింది, ఇంతలో పనిలో చేరింది, పగటి క్లాసు పగటి షిఫ్టు ఒకటే టైము, మానేసింది. ఎంతమంది కథ ఇదే చెప్పండి? వచ్చిన కొత్తలో అప్పులు తీర్చడానికి రాత్రీ పగలూ పనిచేస్తారు, ఈ దేశంలో 1,095 రోజులు ఉండటం పూర్తయ్యాక సిటిజన్‌షిప్ తీసుకుంటారు, కాస్త ఊపిరి పీల్చుకుని ఇప్పుడైనా నేర్చుకుందాం అనుకుంటే, సిటిజన్లకి లింక్ లేదు అంటారు. స్టూడెంట్లకీ వర్క్ పర్మిట్ వాళ్ళకీ మొదటి నుంచీ లేదు. మా పిన్ని కూతురు మెల్‌బోర్న్‌లో ఉంటుంది, వలస వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు నేర్పే అక్కడి ప్రోగ్రామ్ 1948 నుంచి ఉందట, 510 గంటలు అయిపోగానే ఇంక చాలు అనే లెక్క ఉండేది, దాన్ని 2021లో తీసేశారు. మనిషి నేర్చుకునేదాకా నేర్పాలన్న సంగతి వాళ్ళకి తెలియడానికి కూడా 70 ఏళ్ళు దాటింది.

అసలు భాష రాకపోవడం వేరు, నోరు లేవకపోవడం వేరు. నాకు ఇంగ్లీషు వచ్చు. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, ఇచ్చిన జవాబులన్నీ బట్టీ పట్టి, ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో నాలుగు భాగాల్లోనూ 7 పైనే తెచ్చుకుని ఈ దేశం వచ్చాను. అయినా మొదటి రోజు ఫోర్క్‌లిఫ్ట్ అతను వెనక నుంచి అరిస్తే ఏమన్నాడో అర్థం కాక అక్కడే నిలబడిపోయాను. ఆ తర్వాత కూడా ఎన్నిసార్లు తప్పని తెలిసీ తల ఊపానో.

ఎక్కడ మొదలైందో నాకు బాగా గుర్తుంది. ఇంజనీరింగ్ ఫస్టియర్, మొదటి వారం. నేను తణుకు పక్కన జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు మీడియం. లెక్చరర్ వచ్చి "తెలుగు మీడియం వాళ్ళు లేచి నిలబడండి" అన్నాడు. తొమ్మిది మందిమి లేచాం. "మీరు వెనక బెంచీల్లో కూర్చోండి, క్లాసు ఆలస్యం చెయ్యకండి" అన్నాడు. నాలుగేళ్ళలో నేను క్లాసులో ఒక్క డౌట్ అడగలేదు. పదో తరగతిలో లెక్కల్లో స్కూలు ఫస్ట్ నేను. ఆ మనిషికి ఈ సంగతి గుర్తు కూడా ఉండదు, నేను మాత్రం ఇప్పటికీ మీటింగ్‌లో చెయ్యెత్తే ముందు వాక్యాన్ని మూడుసార్లు మనసులో సరిచూసుకుంటాను.

ఇక మనవాళ్ళు. ఉగాది ఫంక్షన్‌లో అక్క ఎవరితోనో నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడబోతే, ఐటీలో పనిచేసే ఒకాయన "ఈ వయసులో మీకెందుకండీ ఇంగ్లీషు, హాయిగా మనవల్ని ఆడించుకోక" అని నవ్వాడు. చుట్టూ అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది, ఆ నవ్వు నేను చూశాను. అదే నవ్వుతో "యస్ యస్" అంటుంది ఫ్యాక్టరీలో. ఆ నవ్విన వాళ్ళలో ఒక్కరైనా ఒక్కరోజు ఆ లైను దగ్గర నిలబడితే తెలుస్తుంది, ఆవిడకి ఎందుకో.

ఇవాళ క్లాసు అయ్యాక నేను లేచి అడిగాను, గొంతు వణికినా అడిగాను. వచ్చే బుధవారం మిషన్ ఆపమని చెప్పడం నేర్పించండి, గార్డు లేదని చెప్పడం, ఈ పని చెయ్యను అని చెప్పడం నేర్పించండి, అదీ లైను మీదికి తీసుకెళ్ళి, జీతమిచ్చే టైములో. ఆవిడ రాసుకుంది. ఆఫీసులో అడిగి చెబుతానంది.

వాళ్ళు ఏం చెబుతారో నాకు తెలియదు, నేనైతే ఆగదల్చుకోలేదు. సాయంత్రం బస్ స్టాప్‌లో అక్కా నేనూ మొదలుపెట్టాం. "స్టాప్ ది లైన్" అన్నాను. మెల్లగా అంది. గట్టిగా అను అక్కా, మిషన్ చప్పుడులో వినపడాలి అన్నాను. మూడోసారికి ఎంత గట్టిగా అందంటే, రోడ్డు అవతల నడిచి వెళ్తున్నాయన ఆగి మా వైపు చూశాడు.