టేలర్ యంత్రం, మేయో మనిషి: ఈ కథలో నిజమెంత?

"మేనేజ్‌మెంట్ సిద్ధాంతాల చరిత్ర ఒక్క పేజీలో" అంటూ ఒక కథ చాలాకాలంగా షేర్ అవుతోంది. అందులో చెప్పేది ఇది: అమెరికన్ ఇంజినీర్ ఫ్రెడరిక్ టేలర్ కార్మికుణ్ణి యంత్రంలా చూశాడు. ఆ తర్వాత ఎల్టన్ మేయో పేరుతో ముడిపడ్డ హాథార్న్ ప్రయోగాలు వచ్చి, మనిషికి కావాల్సింది డబ్బు కాదు, గుర్తింపు అని రుజువు చేశాయి. మనస్తత్వవేత్త మాస్లో మనిషి అవసరాలను మెట్లుమెట్లుగా పేర్చి పిరమిడ్ గీశాడు. పాత సిద్ధాంతాలు మూలపడి ఆధునిక యుగం మొదలైంది.

పరీక్షలు రాసేవాళ్లూ, టీములు నడిపేవాళ్లూ దీన్నే నమ్ముతున్నారు. "డబ్బు కాదు" అన్న మాటైతే మరీ ప్రమాదం. జీతం పెంచమని అడిగినవాడికి మెచ్చుకోలు సర్టిఫికెట్ ఇచ్చి పంపేయడానికి అది చక్కగా పనికొస్తుంది.

ముందు టేలర్ సంగతి. ఆ ఆరోపణలో సగం నిజమే. ఇనుప దిమ్మెలు మోసే పనికి సరిపోయే మనిషిని ఆయన 1911 నాటి పుస్తకంలో ఎద్దుతో పోల్చాడు. దాన్ని ఎవరూ సమర్థించలేరు. అదే ఏడాది అమెరికా సైన్యానికి చెందిన వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో, టేలర్ పద్ధతిలో పని సమయం కొలవడానికి ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకుని రాగానే మోల్డర్లు (అచ్చుల్లో లోహం పోసేవాళ్లు) పని ఆపి బయటికొచ్చేశారు. అమెరికా కాంగ్రెస్ విచారణ జరిపింది. 1915లో సైన్యం నిధుల చట్టంలోనే స్టాప్‌వాచ్ వాడకాన్ని నిషేధించింది.

మిగతా సగం ఆ కథలో ఉండదు. 92 పౌండ్ల దిమ్మెలు మోసేవాడి చేతిలో రోజు మొత్తంలో 43 శాతం సమయమే బరువు ఉండాలి, మిగతా సమయం చేతులు ఖాళీగా ఉండాలి అని లెక్క కట్టింది టేలరే. బాల్‌బేరింగులు తనిఖీ చేసే అమ్మాయిల పని గంటలను పదిన్నర నుంచి ఎనిమిదిన్నరకు తగ్గించి, మధ్యలో పదేసి నిమిషాల విరామాలు పెట్టామని కూడా రాశాడు. అలసట గురించి ఇంత ఆలోచించినవాణ్ణి "యంత్రంలా చూశాడు" అని ఒక్క ముక్కలో తేల్చేయలేం.

ఆయన మీద నా ఫిర్యాదు వేరే. బెత్లెహెమ్ స్టీల్‌లో మనిషి రోజుకు మోసే బరువు 12.5 టన్నుల నుంచి 47.5 టన్నులకు చేరిందన్నాడు. కూలి మాత్రం 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది. అంటే పని దాదాపు నాలుగింతలైతే కూలి 60 శాతమే పెరిగింది. బాల్‌బేరింగుల దగ్గర 120 మంది చేసే పనిని చివరికి 35 మంది చేశారు. మిగతా అమ్మాయిల పని పోయింది. పైగా ఇవన్నీ ఆయన చెప్పుకున్న అంకెలే. ఇనుప దిమ్మెల కథలో అతిశయోక్తి ఉందని తర్వాత రికార్డులు తిరగేసిన చరిత్రకారులు చూపించారు. టేలర్‌ను నిలదీయాల్సింది ఈ పంపకం గురించి.

మనిషి గురించిన ఆలోచన హాథార్న్‌తోనే మొదలైందన్నదీ తప్పే. లిలియన్ గిల్‌బ్రెత్ మేనేజ్‌మెంట్ మనస్తత్వశాస్త్రం మీద 1914లోనే పుస్తకం వేసింది, అదీ టేలర్ శిబిరంలో ఉంటూనే. ఫ్రెంచి ఇంజినీర్ ఫేయోల్ 1916లో రాసిన పద్నాలుగు సూత్రాల్లో న్యాయబుద్ధి, చొరవ, ఐకమత్యం ఉన్నాయి.

ఇక హాథార్న్. చికాగో దగ్గర టెలిఫోన్ పరికరాలు చేసే ఈ వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కర్మాగారంలో 1924 నుంచి 1927 వరకు లైట్ల ప్రయోగాలు జరిగాయి. వెలుతురు పెంచినా తగ్గించినా ఉత్పత్తి పెరిగిందని, ఎవరో తమను గమనిస్తున్నారన్న స్పృహే దానికి కారణమని అందరూ చెప్పుకుంటారు. ఆ పాత డేటాను 2011లో ఇద్దరు ఆర్థికవేత్తలు మళ్లీ విశ్లేషిస్తే అంత స్పష్టమైన ఫలితం కనబడలేదు.

1927లో రిలే గది ప్రయోగం మొదలైంది; రిలే అంటే టెలిఫోన్ వ్యవస్థలో వాడే చిన్న స్విచ్. అయిదుగురు అమ్మాయిలను వేరే గదిలో కూర్చోబెట్టి విరామాలు, పని గంటలు మారుస్తూ పోయారు. జీతం లెక్క కూడా మార్చారన్న సంగతి ఎవరూ చెప్పరు. అంతకుముందు పెద్ద విభాగం మొత్తం పనిని బట్టి వచ్చే డబ్బు, ఇక్కడ ఈ చిన్న గుంపు పనిని బట్టి వచ్చింది. మధ్యలో, మాటలు ఎక్కువయ్యాయని, సహకరించడం లేదని ఇద్దరిని తీసేసి వేరేవాళ్లను తెచ్చారు. ఇంకో గుంపుకు జీతం పద్ధతి ఒక్కటే మారిస్తే ఉత్పత్తి సుమారు 12 శాతం పెరిగింది, పాత పద్ధతికి తిప్పగానే పడిపోయింది. మైకా చీల్చే గుంపులో మాత్రం జీతం పద్ధతి మార్చకుండానే కొంతకాలం ఉత్పత్తి పెరిగింది. కాబట్టి గుర్తింపుకు విలువ లేదని నేననడం లేదు. ఈ ప్రయోగాలతో డబ్బుకు విలువ లేదని రుజువు కాలేదు, అంతే.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది 1931–32లో జరిగిన బ్యాంక్ వైరింగ్ గది ప్రయోగం, అంటే టెలిఫోన్ స్విచ్‌లకు వైర్లు కలిపే చోట చేసింది. అక్కడ 14 మంది మగవాళ్లు, వాళ్లతోపాటే నెలల తరబడి కూర్చుని గమనించే పరిశీలకుడు ఒకరు. గమనిస్తే చాలు పని పెరుగుతుందన్న మాట నిజమైతే ఇక్కడా పెరగాలి. పెరగలేదు. రోజుకు ఇంతే చేయాలని వాళ్లే ఒక హద్దు పెట్టుకున్నారు. దాన్ని దాటి గబగబా చేసేవాడి జబ్బ మీద పక్కవాడు ఒక్కటి గుద్దేవాడు. ఎక్కువ చేసి చూపిస్తే రేటు తగ్గిస్తారని, కొందరి పని పోతుందని వాళ్ల టెన్షన్. అప్పుడు మహామాంద్యం నడుస్తోంది. ఆ భయం నిండా డబ్బే ఉంది.

మాస్లో విషయం చిన్నది. 1943 వ్యాసంలో పిరమిడ్ లేదు. అది తర్వాత, 1960 ప్రాంతంలో, మేనేజ్‌మెంట్ రచనల్లోకి వచ్చింది. కింది అవసరం పూర్తిగా తీరాకే పైది మొదలవుతుందని కూడా ఆయన అనలేదు.

చివరగా "పాతవి మూలపడ్డాయి" అన్న మాట. 1950ల్లో బ్రిటిష్ పరిశోధకురాలు జోన్ వుడ్‌వర్డ్ దక్షిణ ఎసెక్స్‌లో 100 సంస్థలను పరిశీలించింది. భారీ ఎత్తున ఒకే రకం సరుకు తయారుచేసే చోట స్పష్టమైన నియమాలు, విధులున్న సంప్రదాయ పద్ధతే బాగా పనిచేసింది. ఆర్డరును బట్టి విడిగా తయారుచేసే చోట, రసాయనాల్లాంటి నిరంతర ప్రక్రియలో వదులు పద్ధతి నెగ్గింది. 1967లో అమెరికన్ పరిశోధకులు లారెన్స్, లోర్ష్ ఒకే కంపెనీలోని విభాగాల మధ్య కూడా ఈ తేడా చూపించారు. ఉత్పత్తి విభాగానికి బిగువు కావాలి, పరిశోధన విభాగానికి వెసులుబాటు కావాలి. ఇప్పటి గోదాముల్లో స్కానర్ సెకన్లు లెక్కపెడుతోంది, కాల్ సెంటర్లలో ఒక్కో కాల్‌కు సగటు సమయం కడుతున్నారు. స్టాప్‌వాచ్ ఎక్కడికీ పోలేదు, దాని వల్ల మిగిలేది ఎవరికన్న తగాదా కూడా ఇంకా తేలలేదు.