కథలో దేవుడు ప్రతి మొక్కూ తీర్చాలా?

నేను రాసిన మొదటి కథలో ఒక ఇల్లాలు వేంకటేశ్వరస్వామికి ముడుపు కడుతుంది. ఐసీయూలో ఉన్న భర్త మూడో రోజుకి కళ్లు తెరుస్తాడు. కథ అక్కడితో అయిపోతుంది. అమ్మ చదివింది. కళ్లజోడు తీసి, కాగితాలు మడిచి పక్కన పెట్టి ఒకే మాట అడిగింది: "మరి మనింట్లో అలా జరగలేదు కదరా?"

జరిగింది వేరు. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు అమ్మ తెల్లగుడ్డని పసుపునీళ్లలో ముంచి ఆరబెట్టి, పదకొండు రూపాయి బిళ్లలు అందులో పోసి, ముడులు వేసి దేవుడి గూట్లో పెట్టింది. నాన్న తిరిగి రాలేదు. ఏటిసూతకం కాబట్టి ఆ మూట ఏడాదిపాటు గూట్లోనే ఉంది. సంవత్సరీకం అయ్యాక అమ్మ దాన్ని చేతిసంచిలో పెట్టుకుని తిరుమల బయల్దేరింది. "మొక్కు తీరలేదు కదమ్మా, ఇంకా ముడుపెందుకు?" అన్నాను. "ఇస్తానన్నది నేను. ఆయన ఏం ఇచ్చాడు, ఏం ఇవ్వలేదు అన్నది ఆయన చూసుకుంటాడు" అంది.

ఇంత పెద్ద మాట ఇంట్లో విని కూడా నేను కథలో నాన్నని బతికించాను. ఎందుకంటే నాకు దేవుడంటే నమ్మకం. నా కథ చదివినవాళ్లకి ఆయన మీద గురి తగ్గకూడదనుకున్నాను. ఇప్పుడు చూస్తే, నేను కథలో పెట్టిన దేవుడు మా అమ్మ రోజూ దీపం పెట్టే దేవుడికంటే చాలా చిన్నవాడు. అడగ్గానే ఇచ్చేవాడి మీద నమ్మకం ఉంచడానికి భక్తి అక్కర్లేదు. భక్తి ఉన్న రచయితలు ఎక్కువమంది జారిపడేది ఇక్కడే అని నాకనిపిస్తుంది. మన విశ్వాసాన్ని కాపాడాలన్న తొందరలో ఆ విశ్వాసం పడ్డ కష్టాన్ని కథలోంచి తీసేస్తాం.

ఈ తొందర లేని రచయిత ఎవరంటే నాకు ముందు రష్యన్ నవలాకారుడు దోస్తయేవ్‌స్కీ గుర్తొస్తాడు. 1878లో ఆయన చిన్నకొడుకు అల్యోషా మూడేళ్లు నిండకుండానే మూర్ఛరోగంతో పోయాడు. ఆ దుఃఖంలో ఆప్టినా మఠానికి వెళ్లి ఆంబ్రోస్ అనే వృద్ధ సన్యాసిని కలిశాడు. తర్వాత 1879, 80ల్లో అచ్చయిన 'కరమజోవ్ సోదరులు' నవలలో బిడ్డను పోగొట్టుకున్న ఒక పల్లెటూరి తల్లి జోసిమా అనే సాధువు దగ్గరికి వస్తుంది. పిల్లాడి చిన్న నడికట్టు రొమ్ములో దాచుకుని వచ్చింది. దాన్ని బయటికి తీసి చూసి మళ్లీ ఏడుస్తుంది. సాధువు ఆమెని ఏడవొద్దనడు. ఏడువు, కానీ నీ బిడ్డ దేవుడి దగ్గర ఉన్నాడని గుర్తుపెట్టుకో అంటాడు. అదే సాధువు చనిపోయినప్పుడు ఊరంతా మహిమ కోసం ఎదురుచూస్తుంది. పుణ్యాత్ముడి శరీరం చెడిపోదని వాళ్ల నమ్మకం. కానీ ఒక్క రోజైనా గడవకముందే వాసన మొదలవుతుంది. ఆయన్ని ప్రాణంగా చూసుకున్న కుర్రవాడు కుదేలైపోతాడు. ఆ కుర్రవాడి పేరు కూడా అల్యోషాయే. రచయిత క్రీస్తుని నమ్మినవాడు, కథలో మహిమ చూపించడం ఆయన చేతిలో పని. చూపించలేదు. అల్యోషా విశ్వాసం ఆ వాసన దాటుకుని బయటికి రావాల్సి వచ్చింది కాబట్టే, దేవుణ్ణి నమ్మనివాళ్లకి కూడా అది నిజంగా తోస్తుంది.

మన దగ్గర ఈ మాట రాగానే విశ్వనాథ సత్యనారాయణ పేరు వస్తుంది. ఆయన నవల 'వేయిపడగలు' ఆయన నమ్మకంలోంచే పుట్టింది. ఆ కథ జరిగే సుబ్బన్నపేటలో సుబ్రహ్మణ్యేశ్వరుడు, వేణుగోపాలస్వామి కూడా మనుషుల్లాగే ఊరివాళ్లు. ధర్మానికి గుర్తుగా నిలిచిన వేయి పడగల పాముకి ఒక్కో పడగా పోతూ ఉంటుంది, చివరికి దాంపత్యధర్మం మాత్రం మిగులుతుంది. స్వామి ముందు నాట్యం చేసే గిరిక, పైరుపచ్చకే ప్రాణం వచ్చినట్టుండే పసిరిక, వీళ్ల దగ్గర రచయిత ఏమీ వాదించడు. చూస్తాడు, మనకి చూపిస్తాడు. తాను నమ్మిన దేవుడి ఊరు పాడుబడిపోవడాన్ని అంత ప్రేమగా రాయగలిగిన భక్తుడు ఆయన. అదే నవలలో కథానాయకుడు ధర్మారావు చర్చలకి దిగి వర్ణధర్మం గురించీ ఇంగ్లిషు చదువుల గురించీ పేజీలకి పేజీలు మాట్లాడుతుంటే నేను బయట నిలబడిపోతాను. ఆ అభిప్రాయాలతో నాకు పేచీ ఉండటం ఒక్కటే కారణం కాదు. గిరిక దగ్గర ఆయన నన్ను ఒప్పించాలని చూడలేదు, అందుకే ఒప్పుకున్నాను.

విశ్వనాథ పుట్టింది 1895 సెప్టెంబరులో. గుర్రం జాషువా పుట్టిందీ అదే ఏడు, అదే నెలలో. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. అది కావ్యమే అయినా దాని గుండెలో ఉన్నది కథే. గుడిలోకి రానివ్వని మనిషి తన బతుకుని కాశీలో ఉన్న శివుడికి చెప్పమని గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. గుడిలో వేలాడే గబ్బిలానికి అడ్డు లేదు, శివుడి చెవి దానికి దగ్గర. పూజారి లేనప్పుడు చెప్పమంటాడు. ఆ చివరి షరతు చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది. ఆ మనిషికి కోపం ఉంది, ఆకలి ఉంది, అయినా దేవుడు వింటాడన్న ఆశ చావలేదు. శివుడు ఏం చెప్పాడన్నది చదివేవాడికి అక్కర్లేదు, ఆ విన్నపం చాలు.

తెలుగు కథలో ఇంకో అలవాటు కూడా ఉంది. దొంగస్వాములని, మూఢనమ్మకాలని ఎండగట్టే కథలు చాలా వచ్చాయి, రావాల్సినవే. కానీ వాటి మధ్య మామూలు భక్తులకి చోటు తగ్గిపోయింది. సైకిల్ మీద పాలు పోసొచ్చి అయ్యప్ప మాల వేసుకునే మనిషి, ఆదివారం పూట ప్రార్థనకి వెళ్లొచ్చి వారమంతా బీడీలు చుట్టే ఆమె, రంజాన్ నెలలో తెల్లవారకముందు తినే సహరీకి అలారం పెట్టుకుని లేచి షిఫ్టుకి పోయే ఆటో అన్న, వీళ్లు కథలోకి వస్తే అమాయకులుగానో మోసపోయినవాళ్లుగానో వస్తున్నారు. ఉగాది నాడు దేవుని కడపలో వెంకన్న గుడికి ముస్లింలు వెళ్తారు, ఆయన భార్య బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ అని. దీని గురించి సామరస్యం అని ఉపన్యాసం రాయొచ్చు. లేదా అల్లుడికని కొబ్బరికాయ, బెల్లం పట్టుకుని క్యూలో నిలబడ్డ ఒక ముసలాయన్ని రాయొచ్చు. నేనైతే రెండోది చదువుతాను.

ఇప్పుడు రాసేవాళ్లకి ఇంకో టెన్షన్ కూడా ఉంది. ఎవరి మనోభావాలు ఎక్కడ దెబ్బతింటాయో తెలియదు. దాంతో భక్తిని రాసేటప్పుడు అంతా పూజగదిలా శుభ్రం చేసేస్తున్నారు. సందేహం లేదు, దేవుడి మీద అలక లేదు. కానీ మన కీర్తనల్లోనే అలక ఉంది. చెరసాలలో రామదాసు రాముడికి నగలు చేయించిన ఖర్చు లెక్క చెప్పి మరీ నిలదీశాడు, ఎవరబ్బ సొమ్మని కులుకుతున్నావని అడిగాడు. దాన్ని ఇప్పటికీ గుళ్లలో పాడుకుంటున్నాం. భక్తుడికి ఉన్న ఆ చనువు కథకుడు ఎందుకు వదులుకోవాలి?

ఆ కథని మళ్లీ రాశాను. ఇందులో భర్త బతకడు. చివర్లో ఆమె తిరుమలలో హుండీ దగ్గర నిలబడుతుంది. ఏడాదిలో ముడులు బిగుసుకుపోయి పసుపు వెలిసిపోయింది. వెనక జనం తోస్తుంటారు. మూటని కళ్లకద్దుకుని లోపల వేస్తుంది. బిళ్లల చప్పుడు వినబడుతుందేమోనని ఒక్క క్షణం ఆగుతుంది. గోవిందనామాల హోరులో అది వినబడలేదు.